అమావాస్య మీటింగు

2014 జూలై 5, శనివారం, ఉదయం పది గంటలు. మా లంక బడిలో తల్లిదండ్రుల సమావేశం మొదలు కావలసిన సమయం. కబురు వెళ్లిన ఇళ్లు ముప్పై నాలుగు. వచ్చినది ఒక మామ్మ.

ఆ సమావేశం పెట్టినావిడ మా బడిలో చేరి అప్పటికి మూడు వారాలు. నేను ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌ని. ఒకటి, రెండు తరగతులు నావి. పై మూడు తరగతులు ఆవిడవి. ఆవిడ తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కి, ఏలూరులో దిగి, అక్కడ బస్సు పట్టుకుని, చివరికి చెరువు గట్టు మీద ఆటోలో వచ్చేది. ఇంత ప్రయాణం చేసినా చీర మడత నలిగేది కాదు. ఏలూరు నుంచి నాదీ అదే బస్సు కనుక ఈ మాట సాక్షిగా చెబుతున్నాను.

మా లంక కొల్లేటి అంచున ఉంటుంది. ఎటు చూసినా రొయ్యల చెరువులు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు బడి గోడలకి పట్టేసి ఉంటుంది. కరెంటు పోయి అది ఆగిపోతే పిల్లలు పాఠం వదిలేసి తలలెత్తేవారు. అలాంటి ఊళ్లో కొత్త టీచరు పిలిస్తే ఎవరూ రారని ముందే చెప్పాను.

"రాకపోతే ఎందుకు రాలేదో తెలుస్తుంది కదండీ మేడమ్ గారూ" అంది.

నాలుగు చార్టులు రాసుకుని వచ్చింది. ఏప్రిల్ నాటికి ఏ తరగతి పిల్లకి ఏమేం రావాలో ఒకదాని మీద. పరీక్షలు ఎప్పుడెప్పుడో ఒకదాని మీద. ఎ ప్లస్ నుంచి సి దాకా గ్రేడులంటే ఏమిటో ఇంకొకదాని మీద. బడి ఇంటి నుంచి ఏం కోరుకుంటుందో చివరిదాని మీద. నాలుగూ గోడకి తగిలించి, వాకిలి వైపు చూస్తూ నిలబడింది.

వచ్చిన మామ్మ మూడో తరగతి పిల్లవాడి నాయనమ్మ. సంతకి వెళుతూ సంచీతో సహా ఆగింది. గుమ్మం దగ్గరే కూర్చోబోతుంటే కొత్త టీచరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"ఇక్కడ కూర్చోండి మామ్మగారూ. మీ మనవడు కూర్చునేది ఈ బల్ల మీదే. వాడికి బోర్డు ఎలా కనబడుతుందో మీరూ చూడాలి కదండీ."

తర్వాత ఆ ఒక్క మామ్మ కోసం గంటసేపు సమావేశం నడిపింది. "తల్లిదండ్రులందరికీ నమస్కారం" అనే మొదలుపెట్టింది. మూడో తరగతిలో ఒత్తులున్న మాటలు తడుముకోకుండా చదవాలని, ఎక్కాలు అప్పచెప్పడం కాదు వాడుకోవడం రావాలని, తొమ్మిది గంటలంటే తొమ్మిదేనని, ఒక్క వాక్యం తగ్గించకుండా చెప్పింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి పోయింది. ఖాళీ బల్లల ముందు అంత శ్రద్ధగా మాట్లాడే మనిషిని నా సర్వీసులో అదివరకు చూడలేదు.

అంతా విని మామ్మ అడిగింది.

"బాగుందమ్మా. ఇంతకీ మావోడు ఎంత కౌంటు?"

ఆవిడకి అర్థం కాలేదు. రొయ్యల బేరంలో కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య, వంద కౌంటు అంటే పిల్ల రొయ్య. అంకె పెరిగేకొద్దీ సరుకు చిన్నదన్నమాట. మామ్మ ఇదంతా ఓపిగ్గా వివరించింది.

"అయితే మామ్మగారూ, మీవాడికి నూటికి ఎనభై ఏడు వచ్చిందని కార్డు పంపితే మీరేమనుకుంటారు?"

"పోయినేడు అంతే వచ్చిందమ్మా. వాళ్ల తాత రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. పక్కింటోళ్ల పిల్లోడు ముప్పై ఐదులో ఉన్నాడు, నువ్వేంట్రా ఇలా అయిపోయావని."

ఆవిడ నవ్వలేదు. బల్ల ఎదురుగా కింద కూర్చుండిపోయింది. మిగతావాళ్లు ఎందుకు రాలేదని అడిగింది.

"ఇయ్యాళ రెండు చెరువులు పడుతున్నారు కదమ్మా. మగాళ్లు వలల కాడ, ఆడాళ్లు షెడ్డులో. పొద్దున పది గంటలకి పిలిస్తే ఎవరొస్తారు? అమావాస్యకి పెట్టండి. అమావాస్యకి రొయ్య గుల్ల విడుస్తది. మెత్తబడ్డ రొయ్యని ఎవడూ కొనడు. వలలూ ఇంటికాడే, మనుషులూ ఇంటికాడే."

మామ్మ వెళ్లిపోయాక ఆవిడ నా వైపు తిరిగింది. "మేడమ్ గారూ, మీ దగ్గర పంచాంగం ఉంటుందాండీ?"

మాది పౌరోహిత్యం చేసిన ఇల్లు. అమావాస్య నాడు మా నాన్నగారు కొత్త పుస్తకానికి అట్ట కూడా వేయనిచ్చేవారు కాదు. ఆవిడది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. ఆ సాయంత్రమే ఏడాది పొడుగునా అమావాస్యలు ఏయే తారీకుల్లో వస్తాయో రాసిచ్చాను. పంచాంగం చూసి అమావాస్యకి ముహూర్తాలు పెట్టినదాన్ని మా వంశంలో నేనొక్కదాన్నే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బడి వదిలాక ఆవిడ చెరువు చూస్తానంది. మామ్మ కొడుకు ఒక చెరువు మీద మేత వేసే పని చేసేవాడు. మేమిద్దరం గట్టు మీద నిలబడ్డాం. అతను విసురు వల తిప్పి వేశాడు. పడిన రొయ్యల్ని బకెట్‌లో వేసి తూచి, లెక్కపెట్టి, మనసులోనే భాగించుకున్నాడు.

"తొమ్మిది గ్రాములండి. ఈ పాటికి పది దాటాలి."

"అంటే బాగోలేదాండీ?"

"బాగోకపోడమేంటండి, కొంచెం వెనకబడ్డాయి."

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"ఏం చేస్తామండి, మేత తింటున్నాయో లేదో చూస్తాం. నీళ్లు చూస్తాం. ఏరేటరు ఇంకో గంట ఎక్కువ తిప్పుతాం." ఇలా అంటూనే బకెట్ చెరువులోకి వంపేశాడు.

"అయ్యో, వదిలేశారేంటండీ!"

"శాంపిల్ కదండి. పెరిగేదాన్ని ఇప్పుడు తీసి ఏం చేసుకుంటాం?"

ఆవిడ ఆ నీళ్లవైపు చూస్తూ ఉండిపోయింది. ఆటో హారన్ కొడుతున్నా కదల్లేదు. తిరిగి వస్తుంటే ఒకటే మాట అంది. "చార్టులు నాలుగూ మళ్లీ రాయాలండి."

జూలై 26, శనివారం, ఆషాఢ అమావాస్య. మధ్యాహ్నం మూడు గంటలకి మొదలుపెట్టింది. ముప్పై నాలుగిళ్లకి ముప్పై ఒక్కిళ్లు వచ్చాయి.

ఆవిడ పెట్టే మీటింగు ఎలా ఉండేదో చెప్పాలి. ఎవరి పిల్ల కూర్చునే చోట వాళ్లు కూర్చోవాలి. చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడి ముఠాలో తాడులాంటి చేతులున్న మగవాళ్లు చిన్న బల్లల్లో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే బుద్ధిగా కూర్చునేవారు. హాజరు పిలిచేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగాలి.

"మే ఐ కమిన్ అనాలండి. మీ అమ్మాయి రోజూ అంటుంది."

"నాకు నోరు తిరగదండి టీచరుగారూ."

"మీ అమ్మాయికీ మొదట్లో తిరగలేదండి."

అతను అనేవాడు. గదంతా గొల్లుమనేది. అంతమంది నవ్వినా ఆవిడ మాత్రం నవ్వేది కాదు. "కూర్చోండి, గుడ్" అనేది, పిల్లతో అన్నట్టే.

ఎవరితోనైనా అండీ అనే మాట్లాడేది. మూడో తరగతి పిల్లల్ని కూడా "ఏవండీ మూడో తరగతి గారూ, గొడవ కొంచెం తగ్గిస్తారా" అని అడిగేది. వాళ్లు సిగ్గుపడి తగ్గించేవారు. ఎర్ర సిరా పెన్ను ఆవిడ దగ్గర ఉండేది కాదు. తప్పు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. పెన్సిలు చెక్కిన పొట్టు అరచేతిలోనే పట్టుకుని, పీరియడ్ అయ్యాక బయట పారబోసేది. ఎవరైనా ర్యాంకు అడిగితే కళ్లజోడు తీసేసేది. అది చూస్తే చాలు, పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవారు.

కూడికలు మాత్రం ఆవిడకి కుదిరేవి కాదు. పిల్లలకి చెప్పడంలో కాదు, తన మార్కుల రిజిస్టరులో. ప్రతి పరీక్షకీ ఎక్కడో ఒకచోట మొత్తం తప్పు పోయేది. నేను సరిదిద్ది ఇస్తే "మీరు చూశాకే అది రిజిస్టరు అవుతుందండి" అనేది. ఆ మాటతో నా కోపం పోతుందని ఆవిడకి తెలుసు. పోయేది కూడా.

కొత్తగా రాసిన గ్రేడుల చార్టు మీద పైనే పెద్దక్షరాలతో ఇలా ఉంది: కార్డు పట్టుబడి కాదు. శాంపిల్. దాని కింద: అంకె పెద్దదైతే మంచిది. ఈ రెండో వాక్యం చదివి వినిపించినప్పుడు వెనక బల్లలో ఒక తాత తల దించుకున్నాడు. పక్కనే ఉన్న మామ్మ అతని డొక్కలో పొడిచింది.

ఇంటి నుంచి ఆవిడ కోరినవి మూడే. తొమ్మిదికి పంపండి. కార్డు చూసి కొట్టకండి. పిల్ల చదువుతున్నప్పుడు పది నిమిషాలు పక్కన కూర్చోండి.

"మాకు చదువు రాదు కదండీ," అంది ఒక తల్లి. "అది చదివింది తప్పో ఒప్పో మాకెలా తెలుస్తది?"

"మీకు తెలియక్కర్లేదండి. మీరు వింటున్నారని దానికి తెలిస్తే చాలు."

తర్వాత ఆవిడకి బాగా ఇష్టమైన భాగం వచ్చేది. ప్రతి పిల్లా లేచి, పోయిన అమావాస్యకి తనకి రానిది, ఇప్పుడు వచ్చినది ఏదో ఒకటి చేసి చూపాలి. ఒకడు సున్నాలున్న లెక్క చేసేవాడు. ఒకతె ఒత్తులున్న పేరా చదివేది. మాట్లాడని పిల్లవాడొకడు ఒక అమావాస్యకి లేచి తన ఇంటిపేరుతో సహా పేరు చెప్పి కూర్చున్నాడు. ఆవిడ "దీనికి కార్డులో గడి లేదండి" అని వాళ్ల నాన్న వైపు చూసి, ఆ కార్డు అడుగున ఖాళీ చోట పెన్సిలుతో రాసిచ్చింది. ఆ మాట మా బడి మాట అయిపోయింది. ఎవరైనా మంచి పని చేస్తే, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ కూడా, "గడి లేదండి" అనేది.

తనిఖీకి వచ్చిన అధికారి ఒకసారి నన్ను పక్కకి పిలిచారు. "అమావాస్యేంటి మేడమ్? బాగోదు కదా." నేను హాజరు పుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆయన చూసి, మూసి, టీ అడిగారు.

ఇక అసలు సంగతి. అదే సంవత్సరం నవంబరు 22, శనివారం, కార్తీక అమావాస్య.

పట్టుబడి ముఠాకి ఒక మేస్త్రి ఉండేవాడు. ఈ చెరువులో అరిస్తే అవతలి చెరువులో వలలు కదిలేవి. అతని భార్య షెడ్డులో రొయ్యల తలలు తీసే పని చేసేది. కూతురికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఆ ఏడే ఒక తమ్ముడు పుట్టాడు. పరీక్షల్లో ఆ పిల్లకి లెక్కల్లో సి వచ్చింది. అమావాస్య వెళ్లాక బడి మాన్పించేస్తానని నాన్న అన్నాడని, పిల్ల ఆవిడతో చెప్పుకుంది. బస్సులో ఆవిడ నాతో చెప్పింది.

"ఇంటికెళ్లి మాట్లాడితే వినడండి. నాకున్నది ఆ ఒక్క మీటింగే."

మేస్త్రి వచ్చాడు. కూర్చోలేదు.

"ర్యాంకు చెప్పండి టీచరుగారూ."

ఆవిడ కళ్లజోడు తీసింది. "ర్యాంకు లేదండి."

"మా తోడల్లుడి కొడుక్కి కాన్వెంటులో రెండో ర్యాంకంట. వాళ్లకి చేతనైంది మీకెందుకు చేతకాదు?"

"ఎంతమందిలోనండి?"

"అదడగలేదు."

"ఇద్దర్లోనేమో మేస్త్రీ," అన్నారు వెనక నుంచి ఎవరో. గది నవ్వింది. మేస్త్రి నవ్వలేదు.

"నవ్వండి, నవ్వండి. నా కూతురికి సి వచ్చింది. సి కింద ఇంకేమన్నా ఉందాండీ? లేదు. అడుక్కంటా పోయింది. దీనికి చదువు రాదని మీరే రాసిచ్చారు. సోమవారం నుంచి ఇంటికాడ తమ్ముణ్ణి చూసుకుంటది. వాళ్లమ్మకి ఇంకో షిఫ్టు కలిసొస్తది. ఈ మాట చెప్పిపోదామనే వచ్చాను."

పిల్ల జడ చివర నోట్లో పెట్టుకుని బల్ల చివర కూర్చుని ఉంది.

"అలాగేనండి," అంది ఆవిడ. నేను ఉలిక్కిపడ్డాను. "మీ పిల్ల, మీ ఇష్టం. కానీ మీటింగులో ప్రతి పిల్లా ఒక పని చేసి చూపించాలి కదండీ. మీ అమ్మాయిది కూడా అయ్యాక తీసుకెళ్లండి. అందాకా కూర్చోండి. మీ చోటు అదే."

అతను కూతురి పక్కన ఇరుక్కున్నాడు. పిల్ల లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఇచ్చిన లెక్క: 402 లోంచి 157 తీసివేయాలి.

మధ్యలో సున్నా ఉన్న తీసివేత నాలుగో తరగతిలో సగం మందికి కొరుకుడు పడదు. నేనైతే 48 లోంచి 23 ఇచ్చేదాన్ని. ఆ పిల్ల చదువంతా ఆ బోర్డు మీద నిలబడి ఉన్నప్పుడు అంత కష్టమైన లెక్క ఇస్తారా ఎవరైనా?

పిల్ల చేసింది. 255 అని రాసింది.

"తప్పు," అన్నాడు ఐదో తరగతి వాడొకడు, ఆపుకోలేక.

"చూశారా?" అంటూ మేస్త్రి బల్లలోంచి లేవబోయాడు.

"ఇంకా అవలేదండి," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఏవండీ నాలుగో తరగతి గారూ, తీసివేశాక ఏం చెయ్యాలి?"

"కూడి చూడాలండి."

పిల్ల 255కి 157 కలిపింది. 412 వచ్చింది. పైనున్న 402 వైపు చూసింది. కింద చూసింది. మళ్లీ పైకి చూసింది.

"పది ఎక్కువొచ్చిందండి."

"ఎక్కడి నుంచి వచ్చింది?"

పిల్ల వేలు మెల్లగా సున్నా మీదికి వెళ్లి ఆగింది.

"ఇక్కడండి. సున్నా దగ్గరికి ఒక వంద తెచ్చాను. అందులోంచి ఒక పది పక్కింటికి ఇచ్చేశాను. ఇచ్చినట్టు రాసుకోలేదండి." అరచేత్తో ఐదు తుడిచి నాలుగు వేసింది. 245.

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది.

"జూలైలో మీ అమ్మాయి ఈ లెక్క తప్పు చేసేదండి. ఇప్పుడూ చేసింది. కానీ అప్పుడు తప్పని తెలిసేది కాదు. ఇప్పుడు తప్పుని తనే పట్టుకుంది, ఎక్కడ పోయిందో తనే చెప్పింది. సి అని రాసింది నేనే, ఆ రోజుకి అది నిజమే. ఇప్పుడు చూశారే, దీనికి కార్డులో గడి లేదండి."

మేస్త్రి బోర్డు వైపు తిరిగాడు.

"పది గ్రాములు తూగాల్సింది తొమ్మిదే తూగితే చెరువు ఎండగట్టేస్తారాండీ?"

"ఎందుకు ఎండగడతామండి?"

"మరేం చేస్తారు?"

"మేత చూస్తాం. నీళ్లు చూస్తాం. గాలి..." అని ఆగిపోయాడు.

"ఇంటి దగ్గర మీ అమ్మాయి చేతిలో పుస్తకం ఎంతసేపు ఉంటుందండి?"

అతనికి తెలియదు. గోడ పక్కన నిలబడ్డ అతని భార్య చెప్పింది. "చేతిలో తమ్ముడుంటాడండి. నేను షెడ్డు నుంచి వచ్చేదాకా."

అప్పుడు మామ్మ లేచింది. "ఆ బుడ్డోణ్ణి నా దగ్గర పడెయ్యండ్రా. ఎలాగూ మా వాకిట్లోంచే కదా షెడ్డుకి పోతారు. ఇంతోటి దానికి పిల్లని మాన్పించేస్తావా? మీరెవరూ రాని రోజున ఒక్కదాన్నే కూర్చుని మొత్తం విన్నదాన్ని. ఈ బడిలో మొదటి బ్యాచ్ నేనే. నా మాట వినాలి."

మేస్త్రి ఇంకా బోర్డు వైపే చూస్తున్నాడు. "అంటే, కూడితే పోయిన పది దొరికేస్తదాండీ?"

"దొరుకుతుందండి."

"ఆయ్, అయితే కాటా దగ్గర బాక్సుల లెక్క రాయడానికి దీన్నే కూర్చోబెట్టొచ్చు."

"పదో తరగతి అయ్యాకండి," అంది ఆవిడ, కళ్లజోడు పెట్టుకుంటూ.

ఈసారి అందరితో పాటు మేస్త్రీ నవ్వాడు. సోమవారం నేను బడికి చేరేసరికి ఆ పిల్ల గేటు దగ్గర ఉంది. తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

తిరుగు ప్రయాణంలో, అంత కష్టమైన లెక్క ఎందుకిచ్చారని అడిగాను. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ చెప్పింది. "తేలికది ఇచ్చి ఒప్పు చేయిస్తే వచ్చే పరీక్షకి మళ్లీ అదే గొడవండి మేడమ్ గారూ. తప్పు చేస్తుందనే ఇచ్చాను. పట్టుకుంటుందని కూడా తెలుసు." అంత నమ్మకం నేను ఏ పిల్ల మీదా పెట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకీ మేస్త్రి అందరికంటే ముందొచ్చి కూతురి చోట ఇరుక్కునేవాడు. ర్యాంకు ఎప్పుడూ అడగలేదు. "ఈసారి ఏం తప్పు పట్టుకుందండి?" అని అడిగేవాడు. కొత్తగా చేరిన పిల్లల తండ్రులకి గ్రేడులంటే ఏమిటో అతనే చెప్పేవాడు, మా కంటే గట్టిగా.

నేను 2018 జూన్ 30న రిటైరయ్యాను. సన్మానం అయ్యాక, మరుసటి ఏడాది అమావాస్యల తారీకులు రాసి ఆవిడ చేతికిచ్చాను. "ఇంకెవరిస్తారండి నాకు ఇవి" అంది. ఆ తర్వాత కూడా ఏటా ఉగాదికి పంచాంగం రాగానే ఫోనులో చెప్పేదాన్ని. 2023లో ఆవిడకి మెట్ట వైపు బదిలీ అయింది. అక్కడ రొయ్యల చెరువులు లేవు, కామవరపుకోట వైపు. "ఇక్కడ జనానికి ఖాళీ ఎప్పుడో ఇంకా తెలియలేదండి. కనుక్కుంటున్నాను" అంది. రెండు నెలల తర్వాత ఫోను చేసి, వాన పడ్డ మర్నాడు అని చెప్పింది. పొలం బురదగా ఉంటుంది, దిగరట.

మొన్న సెప్టెంబరు 19, శుక్రవారం ఉదయం కబురు వచ్చింది. బడికి బయలుదేరి, తాడేపల్లిగూడెం బస్టాండులో బెంచీ మీద కూర్చుని, మళ్లీ లేవలేదు.

లంకకి నేనే ఫోను చేశాను. శనివారం మధ్యాహ్నం భూస్థాపన అని చెబుతూనే, రావద్దని కూడా మేస్త్రికి చెప్పాను. ఆదివారం అమావాస్య. శనివారం దాటితే రొయ్య మెత్తబడుతుంది. పెద్ద చెరువు పట్టుబడి ఆ శనివారమే పెట్టుకున్నారని నాకు తెలుసు. "తర్వాత ఎప్పుడైనా వచ్చి కుటుంబాన్ని పలకరిద్దురు గాని," అన్నాను. అతను "ఆయ్" అని పెట్టేశాడు.

శనివారం నేను గూడెం చేరేసరికి చర్చి ముందు రెండు ట్రాలీ ఆటోలు ఆగి ఉన్నాయి. మనుషులు దిగుతున్నారు. చాలామంది ఒంటి మీద బట్టలు తడిగా ఉన్నాయి. మామ్మ లేదు, మూడేళ్ల క్రితం పోయింది. ఆ మనవడు వచ్చాడు. మేస్త్రి జుట్టు తెల్లబడింది.

"చెరువు?" అన్నాను.

"వలలు తీసేశామండి."

"రేపటికి మెత్తబడిపోతాయి కదయ్యా."

"మెత్తబడతాయండి. చెరువు గలాయన అరిచాడు. అరవనివ్వండి. ఆవిడ మా కోసం అమావాస్యకి వచ్చేది. ఆవిడ కోసం మేం ముందు రోజు రాకపోతే ఎలాగండి?"

సమాధి దగ్గర పెట్టే శిలువ మీద వయసు రాయాలని పాస్టరు గారు అడిగారు. ఆవిడ చెల్లెలు మాట్లాడే స్థితిలో లేదు. పుట్టిన సంవత్సరం మాత్రం చెప్పింది, 1967. లెక్కలు నా పని కనుక అందరూ నా వైపు చూశారు. నేను నోటితోనే తీసివేసి చెప్పాను.

"అరవై ఎనిమిది."

వెనక నుంచి ఒక మెత్తని గొంతు వినిపించింది. మేస్త్రి కూతురు. ఇరవై ఏళ్లిప్పుడు, ఏలూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

"మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. పది ఎక్కువొచ్చిందండి."

కూడి చూశాను. ఆ పిల్ల చెప్పింది నిజం. పక్కింటికి ఇచ్చింది నేను రాసుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క మొత్తం కూడా తప్పు పోనివ్వనిదాన్ని. పాస్టరు గారు అప్పటికే ఆరు అంకె వేశారు. ఆ పిల్ల ఆయన చేతిలో బ్రష్ తీసుకుని, ఆరు చెరిపి, ఐదు వేసింది. నా తప్పుని ఆ పిల్ల పట్టుకున్నందుకు కలిగిన గర్వం నా లెక్కలు ఒప్పయిన ఏ రోజూ కలగలేదు.

2025 సెప్టెంబరు 20, శనివారం నాటికి పోయినవి ఇవి. ఒక చెరువు పట్టుబడి. షెడ్డులో ఆడవాళ్లందరికీ ఒక రోజు పని. ఒక టీచరు, వయసు యాభై ఎనిమిది. ఇంటికి వచ్చాక మళ్లీ కూడి చూశాను. సరిపోయింది.